బ్లోయర్ రెసిస్టర్ పదే పదే ఎందుకు కాలింది

మా పాత కారులో హీటర్‌కీ, ఏసీకీ ఒకటే బ్లోయర్, అంటే లోపలికి గాలి ఊదే ఫ్యాన్. అది ఆఖరి స్పీడ్‌లో తప్ప తిరగడం మానేసింది. ఇలా అయితే ముందు రెసిస్టర్‌నే (కరెంటు తగ్గించి తక్కువ స్పీడ్లు ఇచ్చే భాగం) అనుమానించాలి, ఎందుకంటే ఆ స్పీడ్‌లో కరెంటు రెసిస్టర్ గుండా పోకుండా నేరుగా మోటారుకి వెళుతుంది. రాణిగంజ్‌లో కొత్తది కొని వేయిస్తే కొన్నాళ్లకే అదీ కాలింది.

ఈసారి గ్లవ్ బాక్స్ విప్పి మోటారు బయటికి తీశాను. చేత్తో తిప్పితే బిగుసుకుపోయినట్టు ఉంది. అలాంటి మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. పైగా క్యాబిన్ ఫిల్టర్ నిండా మన హైదరాబాద్ దుమ్మే. రెసిస్టర్‌ని చల్లబరిచేది ఆ ఫ్యాన్ గాలే కదా! కనెక్టర్ ప్లాస్టిక్ కూడా కరిగి ఉంది.

మోటారు, ఫిల్టర్, కనెక్టర్, రెసిస్టర్ అన్నీ మార్చాను. ఎక్కువ ఆంప్స్ ఫ్యూజ్ వేయమని ఎవరన్నా చెబితే దయచేసి వినకండి, వైరింగే కాలిపోవచ్చు. ఎండాకాలమంతా బ్లోయర్ అన్ని స్పీడ్లలో తిరిగింది.