తోలు బైండింగ్‌పై బంగారు పని చెడితే: లోపం ఎక్కడుంది, ఎలా సరిచేయాలి

నగిషీ చెడగానే చాలామంది టూల్ (వేడిచేసి తోలు మీద అచ్చు వేసే పనిముట్టు) వేడినే అనుమానిస్తారు. నేను మాత్రం ముందు తోలులో తడి ఎంతుందో చూస్తాను. తడి లెక్క తప్పితే వేడి ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు.

బంగారం అంటుకోవడం లేదు, లేదా పెచ్చులుగా లేచిపోతోంది

బంగారు రేకుకు సొంతంగా అంటుకునే గుణం లేదు. దాన్ని పట్టి ఉంచేది గ్లేర్. అంటే కాస్త వెనిగర్ కలిపి గిలక్కొట్టి, వడకట్టిన గుడ్డు తెల్లసొన. లక్కతో చేసిన రెడీమేడ్ రకం కూడా దొరుకుతుంది. వేడి టూల్ తగిలిన క్షణంలో గ్లేరే రేకును తోలుకు పట్టిస్తుంది. కాబట్టి బంగారం ఎక్కడెక్కడ పోయిందో గమనిస్తే కారణం దొరుకుతుంది.

డిజైన్ అంతటా పోతే గ్లేర్ మరీ ఎండిపోయింది, లేదా టూల్ చల్లబడింది. తెల్లసొన గ్లేర్ పూసిన కొన్ని గంటల్లోనే పని ముగించాలి; లక్క రకం ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది. టూల్‌ను తడి స్పాంజికి తాకిస్తే సన్నగా సుయ్‌మనాలి, చిటపటలాడిందంటే వేడి ఎక్కువైనట్టే. ప్రతి పువ్వులోనూ ఒకే పక్క పోతుంటే మీ చేయి ఒరుగుతోంది. చుక్కలు చుక్కలుగా పోతే, మేకతోలు గరుకు పూర్తిగా అణగలేదు: బంగారానికి ముందు, రేకు లేకుండా వేసే బ్లైండ్ అచ్చు లోతు చాలలేదన్నమాట. ఏదో ఒక చోట మాత్రమే మొండికేస్తే అక్కడ పీవీఏ జిగురు మరకో, వేలి జిడ్డో ఉంటుంది. పీవీఏ ఎండితే తోలు మీద నుంచి సులువుగా వదలదు. అందుకే అలంకరణ చేయబోయే తోలును గోధుమ పిండి పేస్టుతో అతికించడమే మేలు.

సరిచేయడానికి వదులైన రేకును మెత్తని గుడ్డతో తుడిచేయండి. సన్న కుంచెతో అచ్చు గుంటలోనే మళ్లీ గ్లేర్ పూసి, తడి మెరుపు పోయాక రేకు పరిచి, అదే గుంటలో టూల్ దించండి. టూల్ ముఖం ముందే మెరిసేలా రుద్ది ఉంచాలి, మురికి ముఖం రేకును తనతోనే లేపుకుపోతుంది.

గీత బయట కూడా బంగారం అతుక్కుంది

గ్లేర్ ఉపరితలమంతా పూశారు, లేదా అది ఆరకముందే టూల్ దించారు. రేకు నిలవడానికి రాసిన వాసెలిన్ ఎక్కువైనా ఇంతే. వైట్ స్పిరిట్ (పెయింట్ పలచబరిచే, మండే ద్రవం) అద్దిన దూదితో తుడవండి, అయితే టూల్ వేడిచేసే పొయ్యికి దూరంగా.

అచ్చు నల్లగా మాడి, తోలు గట్టిపడింది

పొడి తోలు తట్టుకునే వేడిని తడి తోలు తట్టుకోదు. నీటితో ఉన్న తోలు చాలా తక్కువ వేడికే ముడుచుకుపోతుంది. బంగారం లేకుండా అచ్చు మాత్రమే వేసే బ్లైండ్ టూలింగ్‌లో ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే అక్కడ తోలును తడపకుండా కుదరదు. మొదటి అచ్చు గోరువెచ్చని టూల్‌తో వేసి, తోలు ఆరేకొద్దీ వేడి పెంచుకుంటూ రంగు ముదిరించాలి. మాడినది తిరిగి రాదు. కాగితమంత పలచగా స్కైవింగ్ చేసిన (కత్తితో చెక్కి పలచబరిచిన) మరో రంగు తోలు ముక్కను పైన అతికించి, అంచుల వెంట టూలింగ్ చేయండి. చూసేవారు అది మొదటినుంచీ డిజైన్‌లోదే అనుకుంటారు.

అచ్చు కాసేపటికే ఉబ్బి చదునవుతోంది

అది క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసింది, అయి ఉంటుంది. కోసిన అంచులో లోపల నీలి బూడిద రంగు కనిపిస్తే దాదాపు ఖాయం. దీనికి మరమ్మతు లేదు. చెట్ల బెరడు, ఆకుల టానిన్‌తో పదును చేసిన తోలు తెచ్చుకోండి.

నీలి నలుపు మచ్చలు

తడి తోలులోని టానిన్‌కు ఇనుము తగిలితే సిరా లాంటి నలుపు పుడుతుంది. కత్తి, ఇనుప బరువు, నీళ్లలోని తుప్పు, ఏదైనా చాలు. కొత్త తోలు మీదైతే పలచని ఆక్సాలిక్ ఆమ్లం అద్ది, తడి గుడ్డతో తుడవవచ్చు. అది విషం, చేతి తొడుగులు తప్పనిసరి. పాత పుస్తకాల మీద ఈ ప్రయోగం వద్దు.

అట్ట బయటికి వంగింది

తడిసిన తోలు ఆరుతూ లాగింది. లోపలివైపు కాగితం అతికించి బరువు కింద ఆరబెడితే అది ఎదురు లాగుతుంది.

పాత తోలు ఎర్రటి పొడిగా రాలుతోంది

ఇది రెడ్ రాట్. గాలిలోని గంధకపు వాయువులు తోలులో ఆమ్లంగా మారి దాన్ని తినేస్తాయి. లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ కమిటీ 1901 నివేదికలోనే ఈ క్షయాన్ని పరిశీలించి, సుమాక్ అనే మొక్క ఆకులతో పదును చేసిన తోలును మెచ్చుకుంది. నూనె రాస్తే పొడి కాస్త అణుగుతుందే తప్ప తోలుకు బలం రాదు. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌ను ఆల్కహాల్‌లో కరిగించి కుంచెతో పలచగా పూస్తే రాలడం ఆగుతుంది, పోయిన బలం మాత్రం రాదు. ఇలాంటి తోలుకు నీరు తగిలితే అక్కడికక్కడే నల్లబడుతుంది కాబట్టి, చెరిగిన బంగారు గీతలను తిరిగి వేయాలని తడి గ్లేర్ పట్టుకోకండి. పుస్తకాన్ని పెట్టెలో ఉంచేయండి.