సి++ టెంప్లేట్ లోపల ఏముంది? 4వ పాఠం: ప్రూఫు తీయడం

గవర్నరుపేట ప్రెస్సులో శుభలేఖకు మూస ఒకటే. పేర్లూ ముహూర్తమూ మారుస్తారు, కానీ అచ్చుకు ముందు ప్రూఫు చూపిస్తారు. టెంప్లేట్ కూడా మూసే, టైపు పేరు నింపితే కోడ్ తయారవుతుంది. మనం మాత్రం ప్రూఫు అడక్కుండా మూసనే పదిసార్లు చదువుతూ టెన్షన్ పడతాం.

జి++ అనే సి++ కంపైలర్‌కి హైఫన్, పెద్ద 'ఇ' ఇచ్చి, కంపైల్‌కు ముందు కోడ్ ఎలా విడుతుందో పోయిన పాఠంలో చూశాం కదా. అక్కడ విడేవి మాక్రోలూ, #ఇంక్లూడ్ లాంటి # లైన్లే. టెంప్లేట్లు రాసింది రాసినట్టే ఉంటాయి.

మొన్న మా వీధి ఇంజినీరింగ్ కుర్రాడొకడు హాజరు ప్రోగ్రాం పట్టుకొచ్చాడు. అందులో ఒక టెంప్లేట్ ఫంక్షన్ వెక్టర్‌ను (విలువల వరుసను) రిఫరెన్స్‌గా, అంటే నకలు కాకుండా అసలునే, తీసుకుని, మొదటి విలువను 'ఆటో పాత'లో (ఆటో అంటే టైపును కంపైలరే తేల్చుకుంటుంది) దాచి, వెక్టర్‌లో కొత్త విలువ పెట్టి, పాతను ప్రింట్ చేస్తుంది.

"ఇంట్‌లతో బాగానే ఉంది సార్. బూల్ (అవును/కాదు విలువలు) పెడితే పాత బదులు కొత్తదే వస్తోంది" అన్నాడు.

కోడ్ మీద కళ్లు పాడుచేసుకోకుండా ఇలా చేయండి. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైపు మాత్రం ఇంగ్లిష్‌లోనే!) ఫైలు పైన 'చూపు' అనే టెంప్లేట్ స్ట్రక్ట్‌ను ప్రకటించి సెమికోలన్‌తో ఆపేయండి, లోపల ఏమీ రాయొద్దు. 'పాత' కింద ఈ లైను:

చూపు<డిక్ల్‌టైప్(పాత)> క;

డిక్ల్‌టైప్ అంటే ఆ పేరుకున్న టైపు. కంపైల్ చేస్తే ఇన్‌కంప్లీట్ టైప్ అని ఎర్రర్ వస్తుంది. రావాలనే చేశాం. పాత అసలు టైపు అందులోనే ఉంటుంది. ఏ పిలుపు వల్ల వచ్చిందో 'రిక్వైర్డ్ ఫ్రమ్ హియర్' అన్న లైను చెబుతుంది. ఫంక్షన్‌ను ఎక్కడా పిలవకపోతే ఈ ఎర్రరే రాదు. పేర్లు కుదరని పెళ్లికి ప్రూఫెవరు తీస్తారు?

ఇంట్ వెక్టర్‌కు చూపు<ఇంట్> అని వచ్చింది. బూల్‌కు బూల్ రాలేదు, స్టడ్::_బిట్_రిఫరెన్స్ వచ్చింది! దొంగ దొరికాడు.

1998 సి++ ప్రమాణం నుంచీ బూల్ వెక్టర్‌ది ప్రత్యేక వేషం. జి++ లైబ్రరీ ఒక్కో విలువను ఒక్కో బిట్‌లో కుక్కుతుంది, బైటుకు 8. విడి బిట్‌కు అడ్రస్ ఉండదు కాబట్టి చదరపు బ్రాకెట్లు బిట్ ఎక్కడుందో చెప్పే చిన్న ఆబ్జెక్ట్‌ను ఇస్తాయి. ఆటో దాచుకున్నది విలువను కాదు, ఆ చీటీని. బిట్ మారాక చీటీ చదివితే కొత్తదే కనిపిస్తుంది మరి.

మందు చిన్నదే: ఆటో తీసేసి, వెక్టర్ టైపు పేరు 'వి' అయితే, టైప్‌నేమ్ వి::వేల్యూ_టైప్ అని రాయడం.

ఇంటి పని: ఆటో పక్కన & పెట్టి రెండు వెక్టర్లతోనూ నడపండి. బూల్‌కు కంపైలర్ ఒప్పుకోదు. ఇంట్‌కు ఒప్పుకుంటుంది గానీ, ఈసారి అక్కడే పాత మారిపోతుంది. ఎందుకో రాసి ఉంచండి.