ఊళ్లో పని తిరిగొచ్చిందా? ఇంటింటికీ తిరిగి కొలిచే పద్ధతి

మాంద్యంలో నిరుద్యోగ శాతం దిగినంత మాత్రాన పని తిరిగొచ్చినట్టు కాదు. 2020-21లో దేశ జీడీపీ 5.8 శాతం పడిపోయింది. అయినా కేంద్రం చేసే శ్రామిక సర్వేలో 2017-18లో 6.1గా ఉన్న నిరుద్యోగం 2020-21లో 4.2 శాతమే తేలింది. అది దొంగ లెక్కేం కాదు. పట్నంలో పని పోయినవాళ్లు ఊరొచ్చి చేలో దిగారు, ఇంటి చేలో కూలి లేకుండా చేసినా ఆ సర్వేలో పని కిందే లెక్క. 2018-19లో పనిచేసేవాళ్లలో వ్యవసాయం వాటా 42.5 శాతం, 2020-21లో 46.5. గోదావరి డెల్టాలో చేతులు ముడుచుక్కూర్చునే స్తోమత ఎంతమందికుంది? కాబట్టి పని ఉందా అని కాదు, ఎన్ని రోజులుంది, ఎంతకుంది అని అడగాలి.

ముందు అదను చూసుకోండి. ఊడ్పుల్లో (వరి నాట్లప్పుడు) వెళ్తే ఊరంతా పనిలో ఉంటుంది, కాలవలు కట్టేశాక (నీళ్లు ఆపేశాక) మే నెలలో వెళ్తే ఊరంతా అరుగుల మీదే ఉంటుంది. ఏడాదికి రెండు వారాలు చాలు: సార్వా (ఖరీఫ్) ఊడ్పులయ్యాక సెప్టెంబరులో ఒకటి, దాళ్వా (రబీ) కోతలయ్యాక మేలో ఒకటి. పైఏడాది మళ్లీ అవే వారాలు. సెప్టెంబరును సెప్టెంబరుతోనే పోల్చాలి. తీర్థాలు (జాతరలు), పెళ్లిళ్లు ఉన్న వారం వదిలెయ్యండి.

900 గడపల ఊరికి 60 ఇళ్లు సరిపోతాయి. ఒక చివర నుంచి వరసగా పేటలన్నీ కలుపుకుంటూ ప్రతి పదిహేనో గడప. రొయ్యల చెరువుల గట్ల మీద కాపలావాళ్ల పాకలు ఇంటి నంబర్ల జాబితాలో ఉండవు, వాటినీ వరసలో కలపండి. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే: తాళం కనపడగానే పక్కింటికి వెళ్లిపోతారు. తాళం వేసిన ఇల్లంటే చాలాసార్లు పనికెళ్లిన ఇల్లే. దాన్ని వదిలేస్తే మీ లెక్కలో నిరుద్యోగం ఉన్నదానికంటే ఎక్కువ తేలుతుంది. రాత్రి ఏడు దాటాక మళ్లీ వెళ్లండి.

"వారంలో ఎన్ని రోజులు పనికెళ్లారు?" అంటే అందరూ నాలుగో అయిదో చెప్పేస్తారు. నిన్నటి నుంచి వెనక్కి అడగండి: నిన్న ఎక్కడ, మొన్న ఎక్కడ, అలా ఏడు రోజులు. నాలుగు గంటలు, ఆపైన చేస్తే ఒక రోజు; గంట నుంచి నాలుగు గంటల లోపు అయితే అరరోజు. చెయ్యని రోజు పక్కన, పని దొరక్కా లేక తనే మానేశారా అన్నది తప్పకుండా రాయాలి. ఆడవాళ్ల సంగతి వాళ్లనే అడగండి. నర్సాపురం వైపు "మా ఆవిడ ఇంట్లోనే ఉంటదండి" అన్న ఇంట్లోనే ఆవిడ లేసు అల్లుతూ ఉండొచ్చు.

కూలి దగ్గర కొంచెం ఓపిక కావాలి. ఊడ్పులు, కోతలు కూలీల ముఠాకు ఎకరా లెక్కన గుత్తకిస్తే రోజు కూలి ఎవరూ చెప్పలేరు. మొత్తం డబ్బు, ముఠాలో మనుషులు, పట్టిన రోజులు అడిగి మీరే భాగించుకోండి. ఆ వచ్చినదాన్ని ఆ వారం కొట్లో కిలో బియ్యం ధరతో కూడా భాగించండి. కూలి రూపాయల్లో పెరిగి బియ్యంలో తగ్గితే ఊరు కోలుకున్నట్టు కాదు.

లెక్క ఇలా కట్టాలి. పని చేసేవాళ్లు, వెతుక్కునేవాళ్లు కలిపి 100 మంది అనుకుందాం, 700 రోజులు. చేసినవి 490, కావాలన్నా దొరకనివి 140, తామే మానినవి 70. చేసినవి, దొరకనివి కలిపితే 630. 140ని 630తో భాగిస్తే 22 శాతం. వారంలో ఒక్క గంటా దొరకనివాళ్లను మాత్రమే లెక్కపెడితే ఆరుగురే ఉండొచ్చు, అంటే 6 శాతం. రెండూ ఒకే ఊరివి. అడిగింది కొన్ని ఇళ్లనే, అందుకే వందమందిలో 6 అంటే ఊరి అసలు శాతం 3 కావచ్చు, 12 కూడా కావచ్చు, కాబట్టి పైఏడాది 5 వచ్చిందని పండగ చేసుకోవద్దు.

కారణం తెలియాలంటే పని ఇచ్చేవాళ్ల దగ్గరికీ వెళ్లాలి. బియ్యం మిల్లు, అంబాజీపేట వైపు కొబ్బరి పీచు యూనిట్లు, భీమవరం చుట్టూ రొయ్యలు ఒలిచే షెడ్లు, ఐసు ఫ్యాక్టరీ. ఒకటే ప్రశ్న: "మనిషిని పెట్టుకోనిది అప్పు దొరక్కా, బేరం లేకా?" అప్పు దొరక్క అంటే వడ్డీ తగ్గింపు, రుణ గ్యారంటీ పనికొస్తాయి. బేరం లేకపోతే రావు. రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తనిచ్చే అప్పు మీద వడ్డీని) 2020 మే నుంచి 2022 మే దాకా 4 శాతం దగ్గరే ఉంచింది, కానీ సరుకు కదలని యజమాని వడ్డీ తక్కువని మనిషిని పెట్టుకోడు. అక్కడ కొనేవాడి చేతిలో డబ్బు పడాలి, అంటే ప్రభుత్వమే పని కల్పించాలి. రొయ్యలది మరో దారి: 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది, అలాంటి నష్టాన్ని ఊళ్లో మట్టిపనితో పూడ్చలేం. అక్కడ అడగాల్సింది కొత్త మార్కెట్లు, ఎగుమతిదారుకు ఊరట, షెడ్డు కూలీకి ఖాళీ రోజుల్లో ఆసరా.

ఉపాధి పనులే కావాలని తేలితే ప్రతిపాదనలు వేసవికి చాలా ముందే గ్రామసభలో పెట్టించండి. కాలవ పూడిక తీసేది కట్టేసిన రోజుల్లోనే, నీళ్లు వదిలాక ఆ పని ఏడాదికి పోయినట్టే. సభలో శాతం ఒక్కటే చదివితే ఎవరికీ పట్టదు. మే నెలలో ఒక్కో మనిషికి వారానికి ఎన్ని రోజులు పని దొరకలేదో చదవండి. పేర్లు మాత్రం చదవకండి. ఎవరు ఎంతకు చేశారో కూలీలను పెట్టే మేస్త్రికి తెలిస్తే పైఏడాది ఆ ఇంట్లో మీకు నిజం చెప్పరు.