కబడ్డీ బరిలోకి దిగే ముందు పళ్ల సంగతి

సంక్రాంతికి శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో కబడ్డీ ఆడుతుంటే మోకాలో, మోచెయ్యో, ఎదుటోడి తలో తగిలి ఎక్కువగా దెబ్బతినేవి పై ముందు పళ్లే. మౌత్‌గార్డు (దెబ్బ తగలకుండా పళ్లకి పెట్టుకునే తొడుగు) పై వరసకి ఉంటే చాలు.

స్పోర్ట్స్ షాపులో వేణ్నీళ్లలో మెత్తబరిచి కొరికే రకం అడగండి. నీళ్లు మరిగాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగండి. పెట్టె మీద రాసినన్ని సెకన్లే ముంచండి, ఎక్కువైతే ముద్దైపోతుంది. చన్నీళ్లలో ఒక్కసారి తిప్పి, అద్దం ముందు పై పళ్లకి అమర్చి మెల్లగా కొరకండి. గట్టిగా కొరికితే పలచబడి దెబ్బని ఆపదు (అందరూ చేసే తప్పు ఇదే). పెదాల మీంచి వేళ్లతో అదుముతూ గాలి లోపలికి పీల్చండి, తర్వాత చన్నీళ్లలో వెయ్యండి. నోరు తెరిస్తే జారుతోందా? మళ్లీ చెయ్యాలి. క్లిప్పులున్న పిల్లలకి మాత్రం డెంటిస్టు చేతే చేయించండి. ఎండలో బండి డిక్కీలో పెట్టకండి, వంకరపోతుంది.

అయినా పాలపళ్లు రాలాక వచ్చిన పన్ను ఊడిందనుకోండి, వేరు ముట్టకుండా పైభాగం పట్టుకోండి. మట్టంటితే పాలతోనో నీళ్లతోనో కొద్ది సెకన్లు కడిగి ఊడిన చోట చిగురు గుంటలోనే పెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికించండి. కుదరకపోతే చల్లని పాలలో వేసి అరగంటలో డాక్టరు దగ్గరికి చేర్చండి. నీళ్లలో నానబెడితే వేరు మీది కణాలు చచ్చిపోతాయి. పాలపన్నైతే తిరిగి పెట్టొద్దు.