గుట్టల మీద గాలి లెక్క తప్పుతుంటే: సమస్య - పరిష్కారం

అనంతపురం చుట్టుపక్కల రామగిరి, ఉరవకొండ లాంటి చోట్లకి గాలి మోడల్, అంటే గాలిమరలు పెట్టే చోట గాలి ఎంతుంటుందో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం, రన్ చేసేవాళ్ల కోసం రాస్తున్నా.

సమస్య: మోడల్ ఇచ్చిన మ్యాప్‌లో గుట్టపైన గాలి బ్రహ్మాండంగా ఉంది, మాస్ట్ (గాలిని కొలిచే పొడుగాటి స్తంభం) పెట్టి కొలిస్తే అంత లేదు.

చిన్న తేడాలే అని వదిలేయొద్దు. వేగం రెట్టింపైతే గాలిలో పవర్ ఎనిమిది రెట్లవుతుంది, అందుకే మోడల్ సెకనుకి 7 మీటర్లని చెప్పి అసలు గాలి 6 మీటర్లే ఉంటే పవర్ లెక్క దాదాపు 59 శాతం ఎక్కువొచ్చేస్తుంది, దాన్ని నమ్మి అప్పు తెచ్చినోళ్లు ఏమైపోవాలి చెప్పండి. కారణం చాలాసార్లు వాలే. వాస్ప్ (WAsP) లాంటి లీనియర్ మోడల్స్, అంటే సులువు లెక్కతో నడిచేవాటి, లెక్కలో గాలి నేలని అంటుకునే గుట్ట ఎక్కి దిగుతుంది, కానీ వాలు 17 డిగ్రీలు, అంటే 100 మీటర్లు నడిస్తే 30 మీటర్లు ఎక్కేంత నిటారుగా ఉంటే గాలి నేలని వదిలేసి వెనకాల సుడి తిరుగుతుంది, మోడల్‌కి ఆ సంగతి తెలీదు.

ముందు రిక్స్ (RIX) చూడండి. చుట్టూ 3.5 కిలోమీటర్లలో ఎంత శాతం నేల అంత నిటారుగా ఉందో అదే రిక్స్. మాస్ట్ దగ్గరిది, టర్బైన్ పెట్టే చోటుది పక్కపక్కన రాసుకోండి. టర్బైన్ దగ్గర ఎక్కువుంటే మోడల్ గాలిని పెంచి చెప్తుంది, మాస్ట్ దగ్గర ఎక్కువుంటే తగ్గించి చెప్తుంది, రెండూ దగ్గరదగ్గరగా ఉంటే తప్పులు చాలావరకు కొట్టేసుకుంటాయి. జీపు పోతుంది కదా అని కింద శనక్కాయ చేలో మాస్ట్ పాతి పైన గుట్టకి లెక్క కట్టడం నాకు అస్సలు నచ్చదు, కష్టమైనా సరే మాస్ట్‌ని గుట్ట ఎక్కించండి. ఎక్కించలేకపోతే సీఎఫ్‌డీ, అంటే గాలి సుడుల్ని కూడా పట్టుకునే పెద్ద లెక్క, చేయించాలి, దానికి కంప్యూటర్ టైమ్ బాగా పడుతుంది.

సమస్య: దీనికి ఉల్టా, మోడల్ గుట్టపైన గాలే లేదంటోంది.

మోడల్‌కి ఈఆర్ఏ5 (ERA5, ప్రపంచమంతటి పాత వాతావరణాన్ని గడులుగా ఇచ్చే డేటా) గాలినే నేరుగా వాడితే ఇట్లా అవుతుంది. దాంట్లో ఒక్కో గడి సుమారు 31 కిలోమీటర్లు, అంత గడిలో ఎర్రమల కొండల్లాంటివి కూడా సాపైపోతాయి, గండికోట దగ్గర పెన్నా లోయ ఇక కనపడనే కనపడదు. మోడల్‌లో ఆ చోటు ఎత్తెంతుందో, ఎస్ఆర్‌టీఎం (SRTM, ఉపగ్రహాల కాలంలో అంతరిక్షం నుంచి కొలిచిన నేల ఎత్తులు) 30 మీటర్ల గడుల డేటాలో ఎంతుందో పోల్చండి, తేడా అక్కడే దొరుకుతుంది. వర్ఫ్ (WRF) అనే వాతావరణ మోడల్‌తో గడిని 3 కిలోమీటర్లకో 1 కిలోమీటరుకో దింపి, ఆ తర్వాత వాస్ప్ లాంటి మైక్రోస్కేల్ (చిన్న చోటుని దగ్గరగా చూసే) మోడల్‌కి ఇవ్వండి.

సమస్య: నెల సగటు కలుస్తోంది, గంటగంటకీ కలవట్లేదు.

మోడల్ ఫైల్లో టైమ్ యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక టైమ్), మాస్ట్ మీద కొలతలు రాసుకునే లాగర్‌లో మన టైమ్. ఐదున్నర గంటలు జరిపి చూడండి.

సమస్య: ఏడాది సగటు నమ్మలేనంత ఎక్కువ.

కొలిచిన నెలలు చూడండి. జూన్ నుంచి ఆగస్టు దాకానే కొలిచుంటే అది నైరుతి గాలి, ఆషాఢం గాలికి మనుషులే నిలబడలేరు, దాన్ని ఏడాదంతటికీ పరిస్తే ఎట్లా? కనీసం 12 నెలలు కొలవండి, ఆ తర్వాత దాన్ని ఈఆర్ఏ5 లోని గత పదిపదిహేనేళ్ల రికార్డుతో జతచేసి సరిచేయండి, ఎందుకంటే మీరు కొలిచిన ఏడాదే గాలి ఎక్కువ వీచిన ఏడాది అయ్యుండొచ్చు.