కమిట్ సందేశాలు రాయడం: 3వ పాఠం – కారణాన్ని ఎక్కడ రాయాలి?

గిట్ అంటే ప్రోగ్రాంలో జరిగిన మార్పుల చరిత్రను దాచే సాధనం. అందులో నమోదైన ఒక్కో మార్పు కమిట్, దానికి జతగా రాసేది కమిట్ సందేశం. గత పాఠంలో ఆ సందేశపు మొదటి వరుసను ఇంచుమించు 50 అక్షరాలలో, 'చేర్చు', 'తొలగించు' వంటి క్రియలతో రాయడం నేర్చుకున్నాము. ఈసారి దాని కింద రాసే వివరణను చూద్దాము. ఈ రెండింటి మధ్య ఒక ఖాళీ వరుస విడవడం తప్పనిసరి. మొదటి ఖాళీ వరుస వచ్చేదాకా ఉన్నదంతా గిట్ శీర్షికగానే తీసుకుంటుంది కనుక, అది లేకపోతే వన్‌లైన్ లాగ్‌లో (ఒక్కో కమిట్‌ను ఒక్కో వరుసలో చూపే జాబితాలో) వివరణంతా శీర్షికకు అంటుకుపోతుంది.

ఒడిశాలోని బరంపురంలో ఉన్న ఒక పార్సిల్ ఆఫీసు బుకింగ్ ప్రోగ్రాంను ఉదాహరణగా ఊహించుకుందాము. గంజాం, గజపతి జిల్లాలలో మనం బరంపురం, పర్లాకిమిడి అనే ఊళ్లు ఒడియా రశీదులలో బ్రహ్మపుర, పారళాఖేముండి అవుతాయి. ప్రోగ్రాం వీటిని వేరువేరు ఊళ్లుగా లెక్కగట్టడంతో నెలవారీ రిపోర్టు తప్పింది. దానిని సరిచేసినవారు 'రిపోర్టు బగ్ ఫిక్స్' అని రాసి ఊరుకుంటే, ఏడాది తరువాత వచ్చినవారు గిట్ బ్లేమ్‌తో (ఒక్కో వరుసను చివరిగా ఏ కమిట్ మార్చిందో చూపే ఆదేశంతో) ఆ వరుస చరిత్ర వెదికినా వారికి దొరికేది ఆ మూడు మాటలే. ఇలా రాస్తే మేలు:

ఊళ్లను పేరుతో కాక కోడ్‌తో పోల్చు

పర్లాకిమిడి, పారళాఖేముండి అని బుక్ అయిన పార్సిళ్లు రిపోర్టులో రెండు ఊళ్ల కింద పడుతున్నాయి. అన్నిటినీ ఒకే పేరుకు మార్చితే, ఇప్పటికే ఇచ్చిన రశీదులకూ రికార్డుకూ పొంతన ఉండదు. అందువల్ల రాసిన పేరును అలాగే ఉంచి, పోల్చడానికి మాత్రమే ఒక్కో ఊరికి ఇచ్చిన కోడ్ వాడాము. పాత బుకింగులకు కోడ్ ఇంకా చేర్చలేదు.

ఈ వివరణలో అన్నిటికన్నా విలువైనది రెండవ వాక్యం. ఏ వరుస మారిందో డిఫ్ (పాత, కొత్త రూపాల మధ్య తేడా) చూపుతుంది. ఆలోచించి వదిలేసిన దారిని అది ఎన్నటికీ చూపదు. ఆ వాక్యమే లేకపోతే, కొత్తగా వచ్చినవారు పేర్లన్నీ ఒకటి చేయడమే సులువని తలచి, మీరు తప్పించిన చిక్కునే మళ్లీ తెచ్చిపెడతారు. చివరి వాక్యాన్ని చాలామంది సంకోచంతో దాటవేస్తారు, కాని మిగిలిపోయిన పనిని చెప్పడం లోపమేమీ కాదు.

గిట్ సందేశాలను మామూలుగా యూటీఎఫ్-8లో (అన్ని లిపులకూ పనికివచ్చే అక్షర సంకేత పద్ధతిలో) భద్రపరుస్తుంది కనుక తెలుగులో రాయడానికి అడ్డు లేదు. అయితే జట్టులో తెలుగు చదవలేని ఒడియా మిత్రులుంటే అందరికీ తెలిసిన భాషలోనే రాయాలి.

అభ్యాసం: మీ ప్రాజెక్టులో వివరణ లేని పాత కమిట్ ఒకటి తీసుకొని, డిఫ్ మాత్రమే చూసి దాని కారణాన్ని కాగితంపై రాయండి, తరువాత ఆ మార్పు చేసినవారిని అడిగి సరిచూసుకోండి. ఒకే కమిట్‌లో రెండు పనులు కలిసిపోతే విడదీసే పద్ధతి వచ్చే పాఠంలో.