బడిలో టెలిమెడిసిన్‌తో టీనేజర్ల ఆస్తమాను అదుపులో పెట్టడం ఎలా?

చాలా బళ్లలో ఈ పని ఎలా సాగుతుందో చూడండి. పిల్లాణ్ని లాప్‌టాప్ ముందు కూర్చోబెడతారు. అవతల డాక్టరు "ఎలా ఉంది?" అంటే వీడు "బానే ఉంది" అంటాడు. "మందు వాడుతున్నావా?" "ఆ." ఐదు నిమిషాల్లో అయిపోతుంది, ఇన్‌హేలర్ మాత్రం సంచిలోంచి బయటికే రాదు. ఈమాత్రానికి కెమెరా ఎందుకు, ఫోన్ చాలదూ?

కావలసినవి కొన్నే. తలుపు వేసుకోగల గది, లాప్‌టాప్, హెడ్‌ఫోన్లు, డిజిటల్ స్టెతస్కోప్, పల్స్ ఆక్సీమీటర్, పీక్ ఫ్లో మీటర్ (ఎంత వేగంగా గాలి ఊదగలరో కొలిచేది), ఒక స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం), సాధన కోసం మందు లేని ఖాళీ ఇన్‌హేలర్. ఫోన్ చేత్తో పట్టుకుని చూపించడం మాత్రం వద్దు, బొమ్మ ఊగుతుంటే ఏమీ కనబడదు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి, పిల్లల సొంత డాక్టరు రాసిచ్చిన ఆస్తమా ప్లాన్ ఫైల్లో లేకుండా మొదలుపెట్టకండి.

కాల్‌కు పది నిమిషాల ముందు బడి నర్సు చేయాల్సిన పని ఉంది. 12 ఏళ్లు దాటినవారికి ఆస్తమా కంట్రోల్ టెస్ట్ అనే చిన్న ప్రశ్నపత్రం ఉంది. గత 4 వారాల గురించి 5 ప్రశ్నలు, మొత్తం 25 మార్కులు. 20 లేదా అంతకంటే ఎక్కువ వస్తే అదుపులో ఉన్నట్టు, 15 లేదా అంతకంటే తక్కువైతే అసలు అదుపులో లేనట్టు. అది పిల్లలే ఒంటరిగా నింపాలి. అమ్మ పక్కనుంటే ఒక జవాబు, స్నేహితుడు పక్కనుంటే ఇంకో జవాబు వస్తాయి. తర్వాత నిలబెట్టి పీక్ ఫ్లో మూడుసార్లు ఊదించి, వాటిలో పెద్ద అంకెను రాసుకోండి. సగటు తీయకండి. ఆక్సీమీటర్ పెట్టే వేలికి గోళ్లరంగు ఉన్నా, వేలు చల్లగా ఉన్నా అంకెను నమ్మకండి.

రోజూ వాడే కంట్రోలర్ ఇన్‌హేలర్ మీద డోస్ కౌంటర్ ఉంటే లెక్క కట్టండి. 120 పఫ్‌ల డబ్బా, పూటకు 2 చొప్పున రోజుకు 4 వాడితే 30 రోజులకు ఖాళీ కావాలి. నెల తర్వాత కౌంటర్ 70 చూపిస్తే 50 పఫ్‌లే వాడినట్టు. తిట్టడానికి కాదు, మాట మొదలుపెట్టడానికే ఈ లెక్క. తిట్లు మొదలైతే ముందురోజు రాత్రి గాల్లోకి కొట్టి అంకె సరిచేసుకొస్తారు. "వాడుతున్నావా?" అనకుండా "గత 7 రోజుల్లో ఎన్ని రోజులు కుదరలేదు?" అని అడగండి.

ఊపిరితిత్తుల చప్పుడు వినిపించేటప్పుడు ఫ్యాన్ ఆపండి. వీడియో యాప్‌లో పరిసరాల శబ్దాన్ని తగ్గించే సెట్టింగ్ కూడా ఆపండి. అది మాటను మాత్రమే ఉంచి మిగతాదంతా నొక్కేస్తుంది, పిల్లికూతలూ దాంతోపాటే పోతాయి. స్టెతస్కోప్‌ను బట్టల మీద కాకుండా ఒంటికే ఆనించాలి. వీపు మీదే, రెండు పక్కలా పైన, మధ్యన, కింద పెట్టండి. నోటితో లోతుగా గాలి పీల్చమనండి.

ఇక అసలు పని, అందరూ పాడుచేసేది: ఇన్‌హేలర్ వాడకాన్ని కెమెరాలో చూడటం.

మొదటి నియమం, నోరు మెదపకండి. "ఇంట్లో ఎలా తీసుకుంటావో అలాగే చూపించు" అని ఊరుకోండి. "ముందు ఊపు, ఇప్పుడు గాలి వదులు" అని అందిస్తుంటే మీకు తెలిసిందేదో మీరే చూసుకున్నట్టు. నర్సులు ప్రేమకొద్దీ చేసే తప్పు ఇది. అవతల డాక్టరుకు అంతా సవ్యంగా కనబడుతుంది, మందు సరిపోవడం లేదనుకుని డోసు పెంచుతాడు. నిజానికి ఆ మందు గొంతు దాటి లోపలికే వెళ్లి ఉండదు.

రెండోది, కెమెరా ఎదురుగా కాదు, పక్కగా ఏటవాలుగా ఉండాలి. తల, చెయ్యి, ఛాతీ మూడూ ఫ్రేములో కనబడాలి. ఎదురుగా పెడితే చేయి నోటికి అడ్డం వస్తుంది. పెదాల మూలల నుంచి పొగలా మందు బయటికి రావడం పక్కనుంచే తెలుస్తుంది.

స్ప్రే రకానికి వరస ఇది: బాగా ఊపాలి, ఇన్‌హేలర్‌కు దూరంగా గాలి పూర్తిగా వదలాలి, పెదాలు బిగించాలి, పీల్చడం మొదలుపెట్టి వెంటనే నొక్కాలి, 4-5 సెకన్ల పాటు నెమ్మదిగా పీల్చాలి, 10 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్‌కు ముందు అర నిమిషం నుంచి నిమిషం ఆగి మళ్లీ ఊపాలి. రెండు పఫ్‌లు ఒకేసారి స్పేసర్‌లో కొట్టడం తప్పు. పొడి రకానికి దాదాపు అంతా తిరగబడుతుంది: డోసు సిద్ధం చేశాక ఊపకూడదు, అందులోకి ఊదకూడదు, ఒక్కసారిగా బలంగా, లోతుగా పీల్చాలి. స్పేసర్ దీనికి పనికిరాదు. రెండు రకాలూ వాడే పిల్లలు ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడేస్తారు, కాబట్టి రెండూ విడివిడిగా చూడండి. ఒకటి చూసి రెండోది ఊహించుకోకండి.

తప్పు దొరికాక ఒక్కొక్కటే దిద్దండి. ఖాళీ ఇన్‌హేలర్‌తో మీరు చేసి చూపించి, మళ్లీ వాళ్లచేత చేయించండి. మూడుసార్లు వరసగా కుదిరేదాకా కాల్ ముగించొద్దు. "స్పేసర్ చిన్నపిల్లలకి" అని మొహం చిట్లించేవాళ్లుంటారు. స్ప్రే వాడుతున్నంతకాలం స్పేసర్ ఉండాల్సిందే, వయసుతో పని లేదు. దాన్ని సబ్బునీళ్లతో కడిగి అలాగే ఆరబెట్టాలి. గుడ్డతో తుడిస్తే గోడలకు స్థిరవిద్యుత్తు పట్టి మందు అక్కడే అంటుకుపోతుంది. స్టెరాయిడ్ మందు తీసుకున్నాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

తర్వాత ఐదు నిమిషాలు నర్సు బయటికి వెళ్లాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. సిగరెట్, వేపింగ్ సంగతి, ఇన్‌హేలర్ తీయడానికి సిగ్గుపడే సంగతి అప్పుడే బయటపడతాయి.

కొన్ని బళ్లలో రోజూ ఒక డోసు నర్సు ఎదుటే వేసుకునే పద్ధతి ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో 3 నుంచి 10 ఏళ్ల పిల్లలు 400 మందితో చేసిన అధ్యయనంలో దీనికి టెలిమెడిసిన్ జతచేస్తే లక్షణాలు లేని రోజులు పెరిగాయి. టీనేజర్లకు మాత్రం దీన్ని కొన్ని వారాలకే పరిమితం చేసి, మెల్లగా బాధ్యత వాళ్ల చేతిలో పెట్టాలి. ఫోన్లో అలారం, పళ్లు తోముకునే బ్రష్ పక్కన ఇన్‌హేలర్ చాలు. కంట్రోలర్ మానేసి, ఆయాసం వచ్చినప్పుడు ఉపశమనానికి తీసుకునే రిలీవర్ ఇన్‌హేలర్ ఒక్కటే వాడుతూ నెట్టుకొచ్చేవాళ్లు కనబడితే డాక్టరుకు తప్పక చెప్పండి. 2019 నుంచి జీనా (ఆస్తమా చికిత్సపై సూచనలిచ్చే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు పెద్దలకు, టీనేజర్లకు ఆ పద్ధతి వద్దంటున్నాయి.

పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారుతున్నా వీడియో కాల్ కలిసేదాకా ఆగకండి. ప్లాన్‌లో ఉన్న రిలీవర్ డోసు స్పేసర్‌తో ఇస్తూ అంబులెన్స్‌ను పిలవండి. అంతసేపూ ఉన్న పిల్లికూతలు ఆయాసం తగ్గకుండానే ఆగిపోతే, అది నయమైన గుర్తు కాదు, గాలి ఆడటం లేదని అర్థం.

మామూలు కాల్ ముగిసేటప్పుడు 4 నుంచి 6 వారాల్లో వచ్చే కాల్ తేదీ, ఇన్‌హేలర్ అయిపోయే తేదీ, కొత్తది తెచ్చే మనిషి పేరు రాసిన కాగితం పిల్లల చేతిలో పెట్టి పంపండి. ఆ కాల్ ఆటల పీరియడ్‌లో మాత్రం పెట్టకండి, రారు.